నీళ్ల గడిలో గీత

నిన్న మధ్యాహ్నం అశోక్‌నగర్‌లోని నా డీటీపీ షాపుకు, గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయి నోట్సు టైపు చేయించుకోవడానికి వచ్చింది. అడవిని కాపాడితే వచ్చే లాభమెంత, అందుకోసం వదులుకునేదెంత అని అందులో ఒక పట్టిక. కలప, తునికాకు, ఇప్పపువ్వు, అన్నిటికీ అంకెలున్నాయి. 'నీళ్లు' అన్న గడిలో మాత్రం చిన్న గీత. అది చూడగానే నా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది.

మా మామది, అంటే అమ్మ తమ్ముడిది, అడవులకు విలువ కట్టే ఉద్యోగం. చిక్కడపల్లిలో మా పక్కవాటాలోనే ఉండేవాడు. ఎవరైనా గనికి అడవి కావాలంటే, ఉంచితే ఎంత, ఇచ్చేస్తే ఎంత అని రిపోర్టు రాయాలి. కరివేపాకు రెబ్బ తుంచి "దీనికెంత కడతావు మామా?" అని ఆటపట్టిస్తే, "నీ తెలివికంటే జర ఎక్కువనే" అనేవాడు. అడవి నుంచి వస్తే ఆయన చొక్కా నిండా పొగవాసన. కంటి శుక్లాల ఆపరేషను మాత్రం 'వచ్చే నెల' అంటూ ఏడాది దాటించాడు. ఆ వాయిదా, నా అతితెలివి కలిసి కొంప ముంచాయి.

అప్పట్లో నేను నారాయణగూడలో ఒక షాపులో టైపు చేసేదాన్ని. ఆ రిపోర్టు గనికి అడిగిన ఒక గుట్ట మీది అడవిది. దాని కింద ఊట నీళ్ల మీదే ఒక గూడెం బతుకుతోంది. ఆ నీళ్లకు ధర ఎంత వెయ్యాలో తోచక మామ ఆ గడిలో గీత పెట్టాడు. గీత ఉంటే కింద మొత్తం రావడం లేదు. నేను గీత తీసేసి సున్న కొట్టాను. మొత్తం చక్కగా వచ్చింది. మామ కళ్లు చికిలించుకుని సంతకం పెట్టి, బషీర్‌బాగ్ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

సాయంత్రం అమ్మ కాపీ చదివి వినిపిస్తుంటే 'నీళ్లు, సున్న' అన్నచోట మామ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"సున్న ఎవరు పెట్టిన్రు?"

"నేనే మామా. టోటల్ రాలేదని."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "గీత ఉంటే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతరు బిడ్డా. సున్న ఉంటే ఎవరడుగుతరు? ఆ నీళ్లకు విలువనే లేదనుకుంటరు."

మర్నాడు ఇద్దరం ఆటోలో పరుగెత్తాం. హైదర్‌గూడ సిగ్నల్ దాటి ఆఫీసు చేరాం. ఫైలు పైకి పోయిందన్నారు. మామ నిలబడే తప్పు దిద్దమని కాగితం రాసిచ్చాడు. దాన్ని ఫైలుకు కలిపారో లేదో ఎన్నిసార్లు అడిగినా "చూస్తం సార్" అన్న మాటే. ఆ తర్వాత ఎండాకాలంలో ఫోను మోగితే చాలు, "గూడెం నుంచా?" అని ఉలిక్కిపడేవాడు. చివరిదాకా తనుగా ఫోను చెయ్యలేదు. ఆయన పోయాక డైరీ నా దగ్గరికొచ్చింది. గూడెం పెద్దమనిషి నంబరు అందులోనే ఉంది. నేనూ చెయ్యలేదు. ఊట ఎండిపోయిందని ఆ గొంతు చెబితే వినే ధైర్యం నాకు లేదు.

"అక్కా, టోటల్ వస్తలేదు కదా, ఆడ సున్న పెట్టరాదు?" అంది అమ్మాయి.

"వద్దమ్మా, గీతే ఉండనీ. ఎవరన్నా అడగనీ" అన్నాను. చెప్పడం తేలికే. అందరికంటే ముందు అడగాల్సినదాన్ని నేను. కాలం గడిచేకొద్దీ భయం పాతబడుతుందంటారు గానీ, పదేళ్లయినా ప్రతి ఎండాకాలం ఆ సున్న నాకు కొత్తగానే కనిపిస్తోంది.