అమ్మ మాట మానేసిన ఏడాది

మా అమ్మ వసపిట్ట. వినేవాళ్ళు లేకపోతే తరిగే వంకాయతో అయినా మాట్లాడేది. తొంభైల మొదట్లో నాన్నకు బాపట్ల నుంచి ఢిల్లీ బదిలీ అయి, ఆర్.కె. పురం క్వార్టర్లలో దిగాం. చెల్లిని ఒకటో తరగతిలో చేర్చారు.

అది క్లాసులో నోరు విప్పలేదు. ఏదడిగినా తెలుగులో గొణిగేదట. పిల్లలు "మద్రాసీ, మద్రాసీ" అని జడ లాగితే, టీచరు వాళ్ళనేమీ అనకుండా దీన్నే వెనక బెంచీలో, గోడ వారన కూర్చోబెట్టింది. ఒకరోజు అమ్మను పిలిపించింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. కాస్త హిందీ వచ్చింది గనక నేనే దుబాసీని.

"ఘర్ మే హిందీ బోలియే. నహీ తో బచ్చీ ఫెయిల్ హో జాయేగీ," అంది టీచరు, అమ్మ మొహం చూడకుండానే.

ఇంట్లో హిందీ మాట్లాడకపోతే పిల్ల తప్పుతుందట, అని చెప్పాను.

"నాకు రాదుగా! ఆ ముక్క చెప్పవే."

చెప్పాను. అయితే మీ మద్రాసీ కూడా మాట్లాడొద్దు, అంది టీచరు.

మా వైపు పంతులమ్మ చెప్పిందంటే తిరుగులేదు. ఆ సాయంత్రం నుంచే అమ్మ చెల్లితో మాట్లాడటం మానేసింది. అన్నానికి సైగ, స్నానానికి సైగ. పాలబూత్ దగ్గర నేర్చుకున్న "ఆవో, బైఠో, ఖావో" తప్ప దానికి ఇంకేం మాటలు దక్కలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఇదేం చోద్యమే అమ్మా! మూగనోము పట్టావా?"

"నోర్ముయ్. నా నోటివల్ల దాని చదువు చెడితే, ఆ పాపం ఎవరిది?"

నాన్నేమో "పోనీలే, పరీక్షలయ్యేదాకా" అన్నాడు. మహా చెప్పొచ్చాడు! చలికాలంలో చెల్లికి జ్వరమొచ్చినప్పుడు అమ్మ తడిగుడ్డ వేస్తూ పెదవులు కదిపేది, శబ్దం మాత్రం రానిచ్చేది కాదు. అది చూడలేక నేను బాల్కనీలోకి వెళ్ళి ఏడ్చాను.

చెల్లి పాసయింది. అమ్మ దాన్ని గుమ్మంలోనే ఎత్తుకుని, "నా తల్లే, నా బంగారుకొండే, ఏం చేసిపెట్టనే నీకు?" అంటూ ఏడాది మాటలన్నీ ఒక్కసారే కుమ్మరించింది. చెల్లి గబుక్కున అమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది.

"మమ్మీ, చుప్! కోయీ సున్ లేగా."

ఎవరైనా వింటారట. అమ్మ ఆ చెయ్యి తియ్యలేదు. చెల్లిని అలాగే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసేసింది.