తోడికోడలి పాలకొలతల పాఠం

మొన్న మా మనుమరాలు ఒక కాగితాల కట్ట తెచ్చి నా ఒళ్లో పడేసింది. తనూ టీచరే. ఇప్పుడు టీచర్ల పనితనం మీద ఏదో పరిశోధన చేస్తోంది. “అమ్మమ్మా, ముప్ఫై ఏండ్లు టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చినవ్ గద, జర ఈ ప్రశ్నలు నింపియ్యి” అంది. ఎన్నేళ్ల అనుభవం, ఏ తరగతులు, ఎక్కడ శిక్షణ, అన్నీ చకచకా రాసేశాను. ఒక ప్రశ్న దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. ‘తోటి ఉపాధ్యాయులలో ఎవరి నుంచి ఏ నైపుణ్యం నేర్చుకున్నారు?’ దాని కింద నాలుగు ఖాళీ గీతలు. ఎవరి పేరు రాయాలో ఆలోచించే పనే లేదు. అయినా రాయబుద్ధి కాలేదు. ఎనభై దాటిన దాన్ని, నాకింకా ఆమె మీద కుళ్లే!

ఆమె మా తోడికోడలు, మా మరిది భార్య. శాలిబండలో మా అత్తవారిల్లు. మామగారు నయాపూల్ దగ్గరి కచేరీలో గుమాస్తా. ఇంట్లో ఉప్పు ఎక్కువైందని రోజూ లొల్లి చేసే మనిషి, కోడళ్ల చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాజులా మారిపోయేవాడు. రెండు గల్లీల అవతల ఆడపిల్లల బడిలో తెలుగు తరగతులు పెట్టినప్పుడు, నలుగురూ నవ్వుతున్నా లెక్కచేయక నన్ను పంతులమ్మగా పంపించాడు. మూడేళ్లపాటు ఆ ఇంటికీ ఆ గల్లీకీ నేనొక్కదాన్నే ‘ఉస్తానమ్మ’ను, అంటే పంతులమ్మను. పాలు పోసే ఆమె కూడా నన్ను చూస్తే కొంగు సర్దుకునేది. ఆ వైభవం ఎంత రుచిగా ఉండేదో ఎందుకు దాచాలి? అందులోకి ఈవిడ కాపురానికి వచ్చింది. నాకంటే రెండేళ్లు చిన్న, చదువులోనూ నాకంటే తక్కువే. ఏడాది తిరక్కుండా మామగారు ఆమెనూ అదే బడికి పంపించాడు.

పొద్దున్నే తల మీద కొంగు కప్పుకుని ఇద్దరం కలిసే నడిచేవాళ్లం. బడి గుమ్మం దాటగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకునేవాళ్లు. నాకు మాత్రం నిలబడి నమస్కారం పెట్టేవాళ్లు. నా తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది, అదే నా గొప్ప అనుకునేదాన్ని. గోడకు అవతల ఆమె తరగతిలో మాత్రం ఒకటే గలగల. పిల్లలు నవ్వితే నా కడుపులో మంట, వాళ్లకు లెక్కలు వస్తే ఇంకా పెద్ద మంట. “నీ పిల్లలు మస్తు అల్లరి చేస్తుండ్రు చెల్లె” అంటే, “అవునక్కా, నాక్కూడ గట్లనే అనిపిస్తది” అని నవ్వేసేది. జగడానికి కూడా పనికిరాని మనిషి!

మా పెద్ద పంతులమ్మ ఒక పద్ధతి పెట్టింది. గురువారం ఆఖరి గంటలో ఒక పంతులమ్మ పాఠం చెప్పాలి, మిగతావాళ్లం వెనక చాప మీద కూర్చుని చూడాలి. ఒకరు నోటుబుక్కులో రాయాలి. అందులో మంచి, చెడ్డ అన్న మాటలు రాయకూడదు. కంటికి కనిపించింది మాత్రమే రాయాలి. పాఠం చెప్పినామె మరునాటిలోగా అది చదివి, కింద సంతకం చెయ్యాలి. “మీ అభిప్రాయాలు మీ ఇండ్లల్ల పెట్టుకోండ్రి, నాకు చూసింది కావాలె” అనేది ఆవిడ.

ఆ ఏడాది పైనుంచి ఒక కాగితం వచ్చింది. మా బడి నుంచి ఒక్క పంతులమ్మను నది అవతల ట్రైనింగు బడికి ఏడాదిపాటు పంపుతారట. ట్రైనింగు అయినవాళ్లకు ఉద్యోగం ఖాయం, కానివాళ్ల ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో చెప్పలేరట. ఎవరిని పంపాలో ముఆయినాకు, అంటే తనిఖీకి వచ్చే అమ్మగారు తేలుస్తారట. తెలుగు పంతులమ్మలం ఉన్నది మేమిద్దరమే. వెళితే నేను వెళ్లాలి, లేదంటే ఆమె.

ముఆయినాకు వారం ముందు గురువారం ఆమె పాఠం, రాసే వంతు నాది. భిన్నాలు చెబుతానంది. నేనైతే సగం, పావు, అరపావు అని ఇరవైసార్లు వల్లె వేయించేదాన్ని. ఆమె గౌలిపురా నుంచి వచ్చే పాలవాళ్ల పిల్ల చేత ఇంటి నుంచి కొలతలు తెప్పించింది. సేరు, అరసేరు, పావుసేరు, అరపావు, ఒక బిందెడు నీళ్లు. ఆ పిల్ల పోయిన ఏడాదంతా నా తరగతిలో నోరు విప్పింది లేదు, మొద్దు అని నేనే పేరు పెట్టాను. “అరసేరుల కెల్లి అరపావు తీస్తె ఇంక ఎన్ని అరపావులుంటయి బిడ్డా?” అని అడిగి, ఆమె పిల్లల మధ్య నేల మీద కూర్చుండిపోయింది. ఆ మొద్దుపిల్ల లేచి కొలతలు అందుకుంది. నీళ్లు పోస్తూ, ఒంపుతూ, “మూడు! గింత తెల్వదా? మా అమ్మ రోజు పోస్తది గద!” అని తక్కిన పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. గంట కొట్టేసరికి తరగతంతా తడిసింది, అందరికీ లెక్క వచ్చింది. వెనక చాప మీద నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతో అనుకునేరు, కాదు. ఇలాంటి పాఠం నా జన్మలో చెప్పలేనని తెలిసిపోయినందుకు.

నోటుబుక్కు నిండా రాశాను. ‘ఉపాధ్యాయిని ఆరు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. నేల మీద కూర్చుంది. పిల్ల బోర్డు దగ్గర నిలబడింది. పిల్లలు అడగకుండానే మాట్లాడారు. నేల తడిసింది.’ ఒక్క అబద్ధం లేదు. అందరికీ లెక్క వచ్చిందన్న ముక్క మాత్రం రాయలేదు. సంతకానికి ఆమె ముందు పెట్టాను. ఆమె ఒక్కో మాటా చదివింది. ముఖం వెలిగిపోయింది. “ఆరు నిమిషాలు మాట్లాడకుంట ఉన్ననా అక్కా? నాకే తెల్వలె! ఎంత మంచిగ చూసినవ్!” అంటూ గుండ్రంగా సంతకం చేసింది.

తనిఖీ అమ్మగారు ఆ పుట చదివి కళ్లద్దాలు తీసింది. “క్యా, టీచర్ జమీన్ పర్ బైఠీ?” అని నన్ను అడిగింది. టీచరు నేల మీద కూర్చుందా అని. “జీ” అన్నాను. “పిల్లలకు ఏమన్న వచ్చిందా మరి?” అని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. నేనూ చెప్పలేదు. సీటు నాకు వచ్చింది. ఇంటికి నడుస్తుంటే ఆమె, “పెద్దదానివి, నువ్వే పోవాలె. ఫికర్ చెయ్యకు, వంట నేను చూస్కుంట” అంది.

ట్రైనింగు బడిలో మొదటి వారమే మా గురువమ్మ, పిల్ల మాట్లాడాలి, టీచరు ఊరుకోవడం నేర్చుకోవాలి అని చెప్పింది. అలాంటి పాఠం ఎవరైనా చూశారా అని అడిగితే, నేనే లేచి పాలకొలతల పాఠం చెప్పాను. ఎవరు చెప్పారు అంటే, “నేనే” అన్నాను. తరగతి తరగతంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత నేనే టీచర్లకు ట్రైనింగు ఇచ్చిన ముప్ఫై ఏళ్లూ, వచ్చిన ప్రతి జట్టుకూ ఆ పాఠం నాదిగానే చెప్పాను. నేను సర్టిఫికెట్టుతో తిరిగొచ్చిన ఏడాదే ట్రైనింగు లేదని ఆమె ఉద్యోగం తీసేశారు. అయినా సాయంత్రం అయ్యేసరికి గల్లీ పిల్లలు పలకలు పట్టుకుని మా అరుగు మీద ఆమె చుట్టూ చేరేవాళ్లు. ఉద్యోగం నాకు, పిల్లలు ఆమెకు. నేను లోపల కూర్చుని పళ్లు కొరుక్కునేదాన్ని.

ఇద్దరం ముసలివాళ్లమయ్యాక, ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఎందుకో ఉండబట్టలేక అనేశాను. “చెల్లె, ఆనాడు నోటుబుక్కుల రాసినవి... నీకు సీటు రావద్దనే రాసిన. తప్పులని రాసిన.”

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కోప్పడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. “తప్పులా అక్కా?” అంది. “సీటు పోతే పోయింది. నా పాఠం ఒక్కరన్న మంచిగ చూసిన్రు అనుకున్న. ఇన్ని ఏండ్లు గదే అనుకున్న.” ఒలిచిన గింజల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, నాతో మామూలుగానే ఉంది, రెండేళ్ల తర్వాత కాలం చేసింది.

నిజం ఎప్పుడు చెప్పినా నిజమే కదా, ఎన్నేళ్లయినా చెప్పుకోవచ్చు అనుకున్నాను. దాన్ని చెప్పాల్సిన కాలం ఆ ముఆయినా రోజుతోనే అయిపోయిందని, ఆమె లోపలికి వెళ్లాక, ఒలవని కాయల ముందు కూర్చుంటే తెలిసింది.