ఓడక్క మీగడ ముట్టని మనిషి

ఆ మేడ వంటగదిలో పెద్దక్క మాటకు ఏళ్ళ తరబడి తిరుగులేదు. అమ్మగారి దగ్గర నుంచి గుర్రబ్బండి తోలేవాడి దాకా అందరికీ ఆమె పెద్దక్కే. అలాంటిది, నగరంలో విందుల తీరు మారిందని ఎవరో చెబితే, అమ్మగారు రేవు వీధి నుంచి ఇంకో వంటామెను తెచ్చిపెట్టారు.

సముద్రం దాటి ఓడలో వచ్చిన మనిషి. ఊరి భాష ఆమెకు నోరు తిరిగేది కాదు. ఉప్పు అడగబోయి చెప్పు అడిగేది. అందరూ పడీపడీ నవ్వేవారు. వాళ్ళకంటే ముందు ఆమే నవ్వేది. నెల తిరక్కుండానే ఓడక్క అయి కూర్చుంది.

"నిన్నగాక మొన్న ఓడ దిగింది, అప్పుడే అక్కట!" అని పెద్దక్క తన కోపమంతా గిన్నెల మీద చూపించింది.

ఓడక్క పేరు మోగిపోయింది మాత్రం మీగడతోనే. పండ్లను చేత్తో చిదిమి, చిక్కటి మీగడలో కలిపి, గిన్నెను మంచుగడ్డల మధ్య దించి గడ్డ కట్టించేది. పొయ్యి ఎక్కని వంట. విందుకు వచ్చినవాళ్ళు గిన్నెలు నాకినంత పని చేసేవారు. మిగిలింది పనివాళ్ళంతా పంచుకునేవారు.

"ఒక్క చెంచా తిని చూడవే పెద్దక్కా, ప్రాణం లేచొస్తుంది" అన్నారు అమ్మగారు.

"నాకు చల్లనివి పడవమ్మగారూ."

పచ్చి అబద్ధం. ఎండ ముదిరితే మంచుగడ్డ బుగ్గన పెట్టుకుని తిరిగే మనిషి ఆమె. అదైనా ఓర్చుకునేదేమో కానీ, తను గోరుముద్దలు తినిపించి పెంచిన చిన్నమ్మాయి కూడా గిన్నె పట్టుకుని ఓడక్క వెనకాలే తిరుగుతుంటే ఆమెకు కడుపు రగిలిపోయేది. ఆ పిల్ల నవ్వు వినిపించినప్పుడల్లా ఉల్లిపాయలు తరిగే చప్పుడు పెరిగేది.

ఆ వేసవిలో ఇంట్లో జ్వరాలు మొదలయ్యాయి. ముందు బట్టలు కుట్టే ఆమె మంచం పట్టింది. తర్వాత బండివాడు, ఆ వెనకే అమ్మగారు, చిన్నమ్మాయి. వైద్యుడు వచ్చి టైఫాయిడ్ అని తేల్చాడు. బట్టలు కుట్టే ఆమె దక్కలేదు. పడకగదిలో తల్లికీ పిల్లకీ పక్కపక్కనే మంచాలు వేశారు. పెద్దక్క ఒక పక్క, ఓడక్క ఒక పక్క కూర్చుని పిల్ల నుదుటి మీద తడిగుడ్డలు మార్చారు. ఓడక్క గుడ్డ వేసినప్పుడు పిల్ల కళ్ళు తెరిచింది. అంత కష్టంలోనూ పెద్దక్కకు ఆ చూపు ములుకులా దిగింది.

నగర ఆరోగ్యాధికారి వచ్చి బావి నీళ్ళు, పాలు పరీక్షకు పంపాడు. రెండింట్లోనూ ఏమీ లేదని తేలింది. మళ్ళీ వచ్చి ఇద్దరు వంటామెలనూ అమ్మగారి పడకగదికే పిలిపించాడు.

"ఇంటిల్లిపాదీ పడ్డారు. మీరిద్దరే లేచి తిరుగుతున్నారు. పెద్దమ్మా, వాళ్ళంతా తిని నువ్వు తిననిదేమైనా ఉందా?"

"ఓడక్క చేసే మీగడ తిననండి. చల్లనివి పడవు."

మంచం మీద నుంచి అమ్మగారు నీరసంగా నవ్వారు. "పడకపోవడమేంటండీ? వేసవంతా మంచుగడ్డలు చప్పరిస్తూనే ఉంటుంది."

అధికారి పెద్దక్క వైపు అనుమానంగా చూశాడు. "మరెందుకు ముట్టలేదు? అందులో ఏముందో నీకు ముందే తెలుసా?"

పెద్దక్కకు చెరసాల కళ్ళముందు మెదిలింది.

"అయ్యో, కుళ్ళండీ! ఒట్టి కుళ్ళు! తింటే బాగుంటుందేమోనని భయపడి తినలేదు. చాలా?"

ఎవరూ నవ్వలేదు. ఓడక్క తలెత్తి ఆమెను వింతగా చూసింది.

అధికారికి దారి దొరికింది. పొయ్యి మీద ఉడికినదాంట్లో టైఫాయిడ్ క్రిమి చస్తుంది, పచ్చి మీగడలో బతుకుతుంది. ఇద్దరికీ పరీక్షలు చేయించాడు. క్రిమి ఓడక్క ఒంట్లో దొరికింది; ఆమెను పడగొట్టకుండానే ఆమె చేతుల మీదుగా మీగడలోకి చేరేది. ఆమె అంతకుముందు పనిచేసిన రెండిళ్ళలోనూ ఇవే జ్వరాలు వచ్చాయని విచారణలో తేలింది.

"నాకు జబ్బా? ఒక్క రోజు పడుకున్నానా నేను? నన్ను చూడండి!" అని ఓడక్క గరిటె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇద్దరు మనుషులు ఆమెను బండి ఎక్కించి, ఊరి బయట అంటురోగుల ఆసుపత్రికి తీసుకుపోయారు.

వంటగది మళ్ళీ పెద్దక్కదైంది. చిన్నమ్మాయి బతికింది. జుట్టంతా రాలిపోయి, పుల్లలా అయి లేచింది. లేస్తూనే అడిగిన మాట, "ఓడక్క ఏది?"

ఏడాది తర్వాత, ఇక వంట జోలికి పోనని మాట తీసుకుని ఓడక్కను వదిలిపెట్టారు. ఒక బట్టలు ఉతికే చోట పనికి కుదిరిందని విని, పెద్దక్క దుప్పట్లు మూట కట్టుకుని వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో ఆమెకే తెలియదు. ఓడక్క చేతులు సబ్బునీళ్ళలో నాని పాలిపోయి ఉన్నాయి.

"పిల్ల ఎలా ఉంది?" అంది ఓడక్క.

"బాగుంది. నీ పేరే జపిస్తోంది."

"ఆ కుట్టే ఆమె నాకు కల్లోకి వస్తుంది, పెద్దక్కా. నువ్వు ముట్టకపోవడమే మంచిదైంది." ఓడక్క చేతిలోని గుడ్డ పిండి పక్కన పెట్టింది. "నీకు నా మీద కుళ్ళంటివే. ఇప్పుడు నాకు నీ మీద. నీకు పొయ్యి ఉంది."

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట. వింటే కడుపు నిండాలి. పెద్దక్కకు ఏమీ నిండలేదు. ఈలోగా పక్క తొట్టి దగ్గర నుంచి ఎవరో "అక్కా, ఇలా రా!" అని కేకేశారు. ఓడక్క నవ్వుతూ వెళ్ళింది. అక్కడి ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు.

ఇక్కడా అక్కే అయిందా అనుకుంది పెద్దక్క. పాత మంటే, చల్లారలేదు. మూట అక్కడ పెట్టి, ఉతికిన దుప్పట్లు మళ్ళీ తనే వచ్చి తీసుకెళ్తానని చెప్పి ఇంటిదారి పట్టింది.