రుమాలు కింద చేయి

మిర్చి యార్డులో బస్తాలు దించుతుండగా చాచి ఫోన్ చేసింది. "మీ చాచా పోయిండు బిడ్డా" అని, ఇంకేమీ చెప్పలేక పెట్టేసింది. రాస్తున్న పద్దు సగంలో ఆపి హనుమకొండ దవాఖానకు ఆటో ఎక్కాను.

చాచా అంటే చిన్నాన్న, కానీ ఆయన మా పక్కింటాయన; చాచి ఆయన భార్య. నేను గుమాస్తాగా ఉన్న, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మే అడ్తి దుకాణంలో మిర్చి రంగు చూసి ధర కట్టేవాడు. బడికి ఎక్కువ రోజులు వెళ్ళని నాకు లెక్కలు రాసే పని ఇప్పించింది ఆయనే. పాత వ్యాపారులతో బేరం ఇప్పటికీ రుమాలు కిందే చేసేవాడు. ఇద్దరి చేతుల మీదా రుమాలు కప్పి, వేళ్ళు పట్టుకుని ధర అడుగుతారు, చెబుతారు. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. బేరం కుదిరితే అరచేయి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేస్తారు. "నోటితోటి అంటె లొల్లయితది బిడ్డా. చెయ్యితోటి చెప్పు, ఎవ్వని ఇజ్జత్ పోదు" అనేవాడు.

ఆయనకు ఎప్పటినుంచో దగ్గు. యార్డులో దగ్గనివాళ్ళెవరు? ఘాటుకు అందరం తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూనే పని చేస్తాం. ఏటేటా న్యుమోనియాతో దవాఖానలో చేరినా ఘాటే అనుకున్నాం. చీకటి పడితే దారి కనబడటం లేదన్నప్పుడు కూడా ఘాటే అనుకున్నాం.

"చాచా, మిర్చి నీ మీద పగబట్టిందే!" అని హమాలీలు ఏడిపించేవారు.

"మీ చాచి కంటె నయమే. ఇది ఉత్త కండ్లల్లనే కారం గొడ్తది" అనేవాడు, అన్నం గిన్నె తెచ్చిన చాచి అక్కడే నిలబడి వింటుండగా.

ఒక పొద్దున రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయల రాశిని మేలురకం అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నేనే హైదరాబాదు తీసుకెళ్తే, అక్కడ కంటి డాక్టరు రక్తపరీక్షలు కూడా చేయించాడు. అప్పుడు తెలిసింది. చాచా ఒంట్లో రోగాలను ఎదుర్కొనే శక్తి మొదటినుంచీ తక్కువట. ఆ ఉన్న కాస్త శక్తీ దారి తప్పి, కంటి వెనక ఉండే రెటీనాను దెబ్బతీస్తోందట.

"తక్కువున్న శక్తే కంటి మీద పడ్డదా సార్?" అని అడిగాను.

"కొందరిలో అట్లనే అయితది" అన్నాడు డాక్టరు.

లేని శక్తిని నరంలోకి ఎక్కించే మందు నెలనెలా ఇచ్చారు. దగ్గు తగ్గింది. చూపు జారిపోవడం ఆగలేదు. దాన్ని ఆపాలంటే ఒంట్లోని శక్తిని ఇంకా అణిచే మందు వేయాలి. అది వేస్తే, ఈసారి న్యుమోనియా వస్తే తట్టుకోలేడు. డాక్టరు నిర్ణయం మాకే వదిలాడు.

బస్సులో తిరిగి వస్తుంటే చాచా అడిగాడు.

"నువ్వయితె ఏం జేస్తవ్ బిడ్డా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"డాక్టర్ సాబును రుమాలు కింద చెయ్యి పెట్టమను. ఒక్క కన్ను ఉంచి, మిగిలింది తీస్కపొమ్మంట" అని నవ్వాడు. కాసేపటికి, "రంగు కనబడకుంట యార్డుల నేనేం జెయ్యాలె?" అన్నాడు.

ఆ అణిచే మందే వేసుకున్నాడు. చాచి వద్దని ఏడ్చింది. చూపు కొన్నాళ్ళు నిలబడింది. ఒకరోజు యార్డుకు వచ్చి, ఒక కాయను ఎండకెత్తి పట్టుకుని, "ఎర్రగ కనబడ్తాందిరా!" అని అరిచాడు. హమాలీలు బస్తాలు దించి చప్పట్లు కొట్టారు. ఆ వారమే జ్వరం వచ్చింది.

చాచి ఫోన్ చేయడానికి ముందురోజు సాయంత్రం దవాఖానకు వెళ్ళాను. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. మాట లేదు. కళ్ళు నా వైపు ఉన్నాయి గానీ, నేను కనబడుతున్నానో లేదో తెలియలేదు. చేయి ముట్టుకోగానే గుర్తుపట్టాడు. తలగడ పక్కనున్న రుమాలును తడుముకుంటూ లాగి, మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు. నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. ఇంకెన్ని రోజులని అడుగుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? నా వేళ్ళు కదల్లేదు.

తర్వాత నా అరచేయి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేశాడు.

నేను మాత్రం రుమాలు కింద నుంచి చేయి తీయలేదు.