తల్లికోతి చేతిలోని పిల్ల

నేను ఆరో తరగతిలోనే బడి మానేశాను. వనపర్తి దగ్గర దెబ్బతిన్న కోతులను సాకే చోట పనికి కుదిరాక, నాకు తగ్గ తోటి విద్యార్థులు ఇన్నాళ్లకు దొరికారని అందరినీ నవ్వించేవాణ్ణి. వాటికి తిండి సిద్ధం చేసే చాచా మాత్రం, కోతులకంటే నాకే రెండు ముద్దలు ఎక్కువ పెట్టాల్సి వస్తోందని దెప్పేవాడు.

పెబ్బేరు రోడ్డు మీద బండి తగిలిన ఒక తల్లికోతిని, పొట్టకు కరుచుకున్న పిల్లతో సహా మా దగ్గరికి తెచ్చారు. తల్లి కోలుకుంది. పిల్ల దక్కలేదు. ఒక పొద్దున చూస్తే తల్లి చేతిలో తల వేలాడేసి ఉంది. తల్లి దాని వెంట్రుకలు పాయలు తీసి పేలు చూస్తూనే ఉంది.

పిల్లను ఇవతలికి తీద్దామని నేను జాలీ తలుపు మీద చెయ్యి వేస్తే చాచా ఆపాడు.

"గుంజకురా. మనసు ఒప్పినంక అదే దించుతది. అందాక మనం చూసుడే."

చూస్తూ ఉన్నాం. వాసన మొదలైంది. ఒకసారి తల్లి పల్లీ గింజను పిల్ల మూతికి ఆనించి చూసింది. ఆ రోజు నాకు నవ్వులాట ఏదీ తోచలేదు. మర్నాడు పిల్లను బండ మీద పడుకోబెట్టి, నీళ్ల తొట్టి దాకా వెళ్లి, తాగి, మళ్లీ వచ్చి ఎత్తుకుంది. ఇంక ఎక్కువ పట్టదని చాచా అన్నాడు.

ఈలోగా పక్క ఊరికి సంగతి తెలిసింది. మా దిక్కు కోతి పోతే మనిషికి చేసినట్టే సాగనంపుతారు. కొత్త గుడ్డ, పసుపు, కుంకుమ, బంతిపూలు పట్టుకొని వచ్చారు. ఊరి పెద్దాయన చెప్పులు గేటు బయటే విడిచాడు. ఒక్క రోజు ఆగమని చాచా బతిమాలాడు. నేను నా ధోరణిలో, స్వర్గానికి ఆఖరి బస్సు ఇయాళనే ఉందా అని అడిగాను. నలుగురు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"మనింట్ల పిల్ల పోతే గిట్లనే ఉంచుకుంటమా తమ్మీ?"

చాచా పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

గేటు దగ్గర డప్పు మోగింది. తల్లి బెదిరి జాలీ పట్టుకొని పైకి ఎగబాకింది. ఎక్కడానికి రెండు చేతులూ కావాలి. పిల్ల జారి నేల మీద పడింది.

"అగో, దించింది" అని ఎవరో దండం పెట్టారు.

పెద్దాయన లోపలికి వెళ్లి, నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకున్నంత మెత్తగా దాన్ని గుడ్డలో చుట్టాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అందరూ దండాలు పెడుతూ తీసుకుపోయారు. తల్లి జాలీ చివరి దాకా వాళ్ల వెంబడి పరుగెత్తింది. డప్పు వినబడకుండా పోయాక దిగివచ్చి, పిల్ల పడ్డచోట మట్టిని వాసన చూసింది, గోళ్లతో గీకింది.

"దానికేం తెల్సురా," అన్నాడు చాచా. "మనమే గుంజుకున్నమనుకుంటది."

ఇప్పటికీ నా చేతిలోంచి ఏదీ తీసుకోదు. తిండి నేల మీద పెట్టి, నేను గోడ దాకా వెనక్కి జరిగి కూర్చుంటాను.