తడి గోనె అంచున నిద్ర

నా చిన్నప్పుడు మా ఇంట్లో వేసవి అంటే బీడీలు చుట్టే తునికాకు కాలం. జూలూరుపాడు అవతల, అడవిని ఆనుకున్న మా పల్లెలో ఆడవాళ్లు కోడి కూయకముందే ఆకు కోయడానికి వెళ్లి, ఎండ ముదిరేసరికి మోపులతో తిరిగివచ్చేవారు. పొద్దుగూకేలోగా ఆ ఆకును కట్టలు కట్టి, ఆకు కొనే కల్లానికి చేర్చాలి. వంట, నీళ్లు, పశువుల పని ఎలాగూ తప్పవు. అంత పనిలోనూ కోడలు పగటిపూట నడుము వాల్చిందంటే వాడకట్టంతా అదే మాట చెప్పుకునేది.

మా అమ్మ ఆ మాట పడే మనిషి కాదు. ఒకనాడు పొయ్యి ముందే కునుకు పట్టి, ఆమె కొంగుకు నిప్పు అంటుకోబోయింది. మా నానమ్మ చూసి లాగింది కాబట్టి సరిపోయింది.

మర్నాడు నానమ్మ కొత్త నియమం ఒకటి చెప్పింది. కోసుకొచ్చిన ఆకును వెంటనే కట్టకూడదట. నీడలో పరిచి, తడి గోనె కప్పి కాసేపు ఉంచాలట. గాలికి గోనె లేవకుండా దాని అంచున మనిషి పడుకోవాలట. వాకిట్లో నలుగురూ వింటుండగా ఆ పనిని అమ్మకు అప్పగించింది. అత్త చెప్పిన పని గనుక అమ్మ పడుకుంది. పడుకున్న మరుక్షణమే నిద్రపోయింది.

నాకు అప్పటికే ఏ మాటనైనా పరీక్షించి చూసే అలవాటు. కొన్నాళ్లకు గోనె రెండో అంచున రాళ్లు పెట్టి చూశాను. ఎంత గాలి వీచినా అది కదల్లేదు. మనిషి అక్కర్లేదని, రాళ్లు చాలునని గొప్పగా ప్రకటించాను. అమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎదురింటి పెద్దమ్మ చూస్తోందని గ్రహించి, సిగ్గుతో జుట్టు ముడుచుకుంటూ ఆకు దగ్గరికి జరిగింది.

నానమ్మ కోప్పడలేదు. నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అంది: “రాయి గోనెను ఆపుతది బిడ్డా. మీ అమ్మను పనికి లేవకుంట ఎవరు ఆపాలె?”

తర్వాత ఎదురింటికి వినపడేలా గొంతు పెంచింది. “రాయి ఎండకు కాలి ఆకును మాడగొడతది. మనిషే ఉండాలె. ఏమే, నిజమేనా?”

నీడలో ఉన్న ఆ రాళ్లు చల్లగా ఉన్నాయని నా చేతులకు తెలుసు. “అవ్, నానమ్మా” అన్నాను. అమ్మ నా వంక చూసి, నవ్వు ఆపుకుంటూ మళ్లీ ఒరిగింది. ఆ వేసవి ముగిసేలోగా ఎదురింటి పెద్దమ్మ కూడా తన కోడలిని గోనె అంచున పడుకోబెట్టింది.

ఇప్పుడు పట్నంలో, ఖానాపురం హవేలీ అనే పేటలో మా మనవరాలు ఇంటి నుంచే ఒక జపాన్ కంపెనీకి పనిచేస్తుంది. అక్కడ మనకన్నా ముందే తెల్లవారుతుంది గనుక చీకటితోనే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. భోజనానికి తప్ప సాయంత్రం దాకా లేవదు. ఆ దేశంలో ఆఫీసు కుర్చీలో కునుకు తీసినా తప్పు పట్టరని, బాగా కష్టపడి అలసిపోయాడనుకుంటారని ఒకరోజు చెప్పింది. నేను ఊరికే నమ్మలేదు. కొత్తగా చేరినవాళ్లకూ ఆ మర్యాద దక్కుతుందా అని అడిగాను.

“అది పెద్ద సార్లకే అమ్మమ్మా. మాలాంటోళ్లు కండ్లు మూస్తే ఊకుంటరా?” అని నవ్వింది.

కుర్చీలోని కునుకు, పోయిన నిద్రకు బదులు కాదు. అయినా అలసటను అవమానంగా చూడని ఆ ఆచారం నానమ్మ గోనెకు దూరపు చుట్టంలా తోచింది.

నేటికీ ఏ మాటనైనా పరీక్షించాకే నమ్ముతాను. కాని అది అబద్ధమని తేలాక, దాని నీడన ఎవరైనా పడుకుని ఉన్నారేమో చూసి మరీ నోరు విప్పుతాను. మా మనవరాలి భోజన విరామంలో ఆ కంప్యూటర్ ముందు నేను కూర్చుంటాను. ఎవరైనా పిలిస్తే లేపుతాను, పడుకోమంటాను. పిలుపు వస్తే ఆ కంప్యూటరే మోగి లేపుతుందని మా ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ మాట అనదు. నేను రాయిలా కదలకుండా కూర్చుంటాను, ఆమె నిద్రపోతుంది.