చెరువు పూడ్చాడట

రేపల్లె దగ్గరి ఓ ఊళ్లో లెక్కల టీచరు కుమారికి ఎవరి మీదా ఓ పట్టాన నమ్మకం కుదరదు. చర్చిలో ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి గుమ్మంలో చెప్పులు చూసుకుంటుందని భర్త జాన్ బాబు ఏడిపిస్తాడు. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి, వివరం కనుక్కోకుండా కౌలు పత్రం మీద సంతకం పెట్టింది.

2003లో తన రెండెకరాల్లో ఒక ఎకరం వరి వేస్తానన్న బసవేశ్వరరావుకు ఇచ్చింది. అతను వరి వెయ్యలేదు, రొయ్యల చెరువు తవ్వాడు. మోటారు పెట్టి ఏటి ఉప్పునీళ్లు తోడాడు. ఆ ఉప్పు గట్టు కిందుగా ఊరి, పక్క ఎకరంలో ఆమె వరి మాడిపోయింది. చెరువు మూయించమని రేపల్లె కోర్టుకెక్కింది.

రెండేళ్లు బసవేశ్వరరావు అక్కడే వాదించాడు. తన సాక్షులే తడబడ్డాక అతనికి పత్రంలోని షరతు గుర్తొచ్చింది: తగువొస్తే బాపట్లలో ఉండే సీతారామాంజనేయులు చెప్పిందే తీర్పు. కేసు ఆయన దగ్గరికే పంపమన్నాడు. ఆ మధ్యవర్తి అతనికి స్వయానా బావ అని కుమారికి అప్పుడే తెలిసింది.

"అది మొదటే అడగాల్సింది. ఇన్నాళ్లు ఇక్కడ వాదించి ఆ హక్కు మీరే వదులుకున్నారు" అన్నారు జడ్జిగారు. అతను తెనాలిలో పై కోర్టుకు అప్పీలు చేశాడు.

అప్పీలు నడుస్తుండగానే చెరువు పూడ్చేశాడు. ఇక తగువే లేదు గనక అప్పీలు ముగించి, కింది కోర్టు ఉత్తర్వు కూడా రద్దు చెయ్యమన్నాడు.

"పోనీలేవే, పీడా వదిలింది" అన్నాడు జాన్ బాబు.

"అడక్కుండా వదిలే పీడ ఉంటుందేంటండి? ఉత్తర్వు పోతే మళ్లీ తవ్వుతాడు. ఈసారి తిన్నగా బావ దగ్గరే పంచాయితీ."

మర్నాడు పొలం వెళ్లింది. ఏటి ఒడ్డున తాటాకుల కింద మోటారు అలాగే ఉంది. బసవేశ్వరరావు ఎదురొచ్చాడు.

"ఏంటి టీచరమ్మా, ఇంకా అనుమానమేనా?"

"మోటారు తీసెయ్యలేదేంటండి?"

"బరువమ్మా. మనుషులు దొరకలేదు."

"చెరువు పూడ్చడానికి దొరికారుగా!"

అతను నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు అస్సలు నచ్చలేదు. తిన్నగా లాయరు అపర్ణ దగ్గరికెళ్లి చూసింది చెప్పింది.

తెనాలి కోర్టులో వాయిదా నాడు అపర్ణ మోటారు సంగతి విప్పింది. జడ్జిగారు బసవేశ్వరరావు వైపు తిరిగారు. "కౌలు ముగిసేదాకా మళ్లీ తవ్వనని రాసిస్తారా?"

అతను వెనక బల్ల వైపు చూశాడు. "మా బావని ఓ మాట అడిగి చెబుతానండి."

కోర్టంతా గొల్లున నవ్వింది. బాపట్ల మధ్యవర్తి తల వంచుకున్నాడు.

"అయితే తగువు తీరలేదన్నమాట" అని జడ్జిగారు వాదనలు విన్నారు. అప్పీలు కొట్టేశారు. కింది కోర్టు ఉత్తర్వు నిలిచింది; ఇక తగువు రేపల్లె కోర్టులోనే, బావ దగ్గర కాదు.

మెట్లు దిగుతూ జాన్ బాబు అన్నాడు, "ఇకనైనా ధైర్యంగా నారు పొయ్యి."

పోసింది. ఎకరమంతటికీ కాదు, ఏటికి దూరంగా ఉన్న మూలకు సరిపడా మాత్రమే.